పున్నమికో ప్రసంగం

మా ఊరి లైబ్రరీ గోడకి నల్ల రంగు పూసిన బోర్డు ఒకటి ఉండేది. పై సగంలో రోజూ పేపరు చూసి ముఖ్యమైన వార్తలు రాసేవాళ్ళు. కింది సగం పున్నమి కోసం ఖాళీగా ఉంచేవాళ్ళు. 1985 వేసవిలో ఆ కింది సగం రాసే పని నా చేతికొచ్చింది. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. చేతిరాత గుండ్రంగా ఉంటుందని మా తెలుగు మాస్టారు పిలిచి చాక్‌పీసు ఇచ్చారు.

"వైశాఖ పున్నమి, సాయంత్రం 7 గంటలకు. విషయం: భట్టిప్రోలు స్తూపం. అందరూ రావాలి."

నేను రాసిన మొదటి ప్రకటన ఇదే. 'అందరూ' అన్న మాట కింద గీత గీయమన్నారు మాస్టారు. గీశాను.

మాది అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె తాలూకా. ఇప్పుడు బాపట్ల జిల్లా అంటున్నారు. తాలూకాలు పోయి మండలాలు వచ్చిందీ ఆ వేసవిలోనే. మాస్టారు రిటైరై ఏడాది అయింది. ఊళ్ళో చదువుకున్న నలుగురైదుగురిని పోగేసి, నెలకో సాయంత్రం మన ఊరి గురించీ చుట్టుపక్కల ఊళ్ళ గురించీ మాట్లాడుకుందాం అన్నారు. రిజిస్ట్రేషన్ లేదు, చందా లేదు, రసీదు పుస్తకం లేదు. మేం 'చరిత్ర సంఘం' అనేవాళ్ళం, అంతే. పున్నమే ఎందుకంటే, వీధి దీపాలు బజారు దాటితే ఉండేవి కావు. పాలెం నుంచీ శివారు గుడిసెల నుంచీ వచ్చేవాళ్ళు కాలవ గట్టు మీద నడిచి రావాలి. వెన్నెలుంటే పురుగూ పుట్రా కనపడతాయి. మాటల మధ్యలో కరెంటు పోయినా ఒకరి మొహం ఒకరికి తెలుస్తుంది. వానాకాలంలో ఒకట్రెండు నెలలు ఎలాగూ తప్పేవి, ఊడ్పుల పనుల్లో ఎవరికీ తీరిక ఉండదు కదా.

మొదటి ప్రసంగం మాస్టారిదే. బుద్ధ పూర్ణిమ నాడు బుద్ధుడి ధాతువులు, అంటే అస్థికలు, దొరికిన చోటు గురించి చెప్పాలని ఆయన కోరిక. భట్టిప్రోలు మాకు సైకిల్ మీద అరగంట. సంత పనికో, పెళ్ళికో పోతూ ఆ దిబ్బ పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు. దాన్ని లంజదిబ్బ అనేవాళ్ళు. ఆ పేరు పెద్దవాళ్ళ ముందు పలకడానికి మాకు సిగ్గు. మాస్టారు మాత్రం అందరి ముందూ ఆ మాట పైకి అని, ఒక్క క్షణం ఆగారు. "నవ్వకండర్రా. కృష్ణ అవతలి గట్టున ఘంటసాలలో ఉన్న దిబ్బకీ ఇదే పేరు. ఒకప్పుడు మన తాతలు తలవంచి ప్రదక్షిణ చేసిన చోటు ఇది. నమ్మకం పోయాక పేరు కూడా చెడగొట్టుకున్నాం" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

1892లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు శాఖ అధికారి ఆ దిబ్బ తవ్విస్తే మధ్యలో మూడు రాతి పెట్టెలు బయటపడ్డాయి. లోపల స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ఎముక ధాతువులు. పెట్టెల మీద ప్రాకృతంలో రాతలు. వాటిని చదివింది బ్యూలర్ అనే జర్మన్ పండితుడు. కుబిరకుడనే రాజు పేరు ఉంది అందులో. కుర అనే అతని పేరూ, అతని అమ్మా నాన్నల ప్రస్తావనా ఉన్నాయి. వాళ్ళంతా కలిసి బుద్ధుడి శరీర ధాతువుల కోసం మంజూష చేయించారని ఉంది. శాసనంలో ఉన్న మాట 'మజూస'. మాస్టారు ఆ మాట బోర్డు మీద రాసి, పక్కన మంజూష అని రాసి, రెండింటి మధ్యా ఒక గీత లాగారు. రెండు వేల ఏళ్ళ పైచిలుకు ఆ గీత! వెనక వరసలో కూర్చున్న మా నాన్న "అంటే మన మాటేగా" అన్నాడు, గొంతు పెద్దది చేసి. మా నాన్న సభలో నోరు విప్పగా నేను చూడటం అదే మొదలు.

తరవాత అక్షరాలు వేశారు. అశోకుడి బ్రాహ్మి లిపిలో మకారం ఎలా ఉంటుందో ఒక పక్క, భట్టిప్రోలు మకారం ఇంకో పక్క. రెండోది మొదటిదాన్ని తలకిందులు చేసినట్టు ఉంది. హల్లులో 'అ' అచ్చు ఉందని తెలపడానికి ఇక్కడివాళ్ళు విడిగా ఒక చిన్న అడ్డగీత పెట్టారు. అశోకుడి రాతల్లో అదే గీత పెడితే దీర్ఘం. ఆ చిన్న గీత దగ్గర ఆయన చాక్‌పీసు కాసేపు అలాగే ఆగిపోయింది. "మనం తలకట్టు పెడతాం చూడండి, అది గుర్తొస్తుంది నాకు దీన్ని చూస్తే" అన్నారు. చాక్‌పీసు పొడి ఆయన చొక్కా జేబు మీద రాలి ఉంది. బోర్డు ఆ రాత్రి తుడవలేదు. నేను తుడవనివ్వలేదు.

ఆ ప్రసంగం చివర్లో ఆయన చెప్పిన ఒక్క మాటతో రెండో ప్రసంగానికి దారి దొరికింది. స్తూపం ఇటుకలూ పాలరాళ్ళూ తవ్వి రోడ్లకి వాడారట, కొన్ని వెల్లటూరు దగ్గర కాలవ తూము కట్టడానికి తీసుకుపోయారట. ఇది మాస్టారి ఊహ కాదు, ఆ కాలపు పురావస్తు శాఖ రాతల్లోనే ఉంది. వింటున్నవాళ్ళలో ఒక పెద్దాయన లేచాడు. కాలవ మీద లస్కరుగా, అంటే లాకుల తలుపులు తీసి మూసే పనిలో, చేసి దిగిపోయినవాడు. "ఆ లాకుల దగ్గర నా జీవితం గడిచిందండీ. ఈ సంగతి నాకెవరూ చెప్పలా" అన్నాడు. గొంతులో కోపమో బాధో నాకు అప్పుడు అర్థం కాలేదు. మాస్టారు వెంటనే "అయితే వచ్చే పున్నమికి నువ్వు చెప్పు" అన్నారు.

ఆయన చదువు అంతంత మాత్రం. నెల రోజులు టెన్షన్ పడ్డాడని వాళ్ళబ్బాయి తరవాత చెప్పాడు. కానీ నాకు తెలిసి మా పున్నమి ప్రసంగాల్లో జనం అంత కదలకుండా విన్నది ఇంకొకటి లేదు. కర్రతో నేల మీద గీతలు గీసి లాకు ఎలా పనిచేస్తుందో చూపించాడు. పడవ లోపలికి వస్తుంది, వెనక తలుపులు మూస్తారు, ముందు తలుపుల్లో ఉన్న చిన్న కంతల మూతలు లేపుతారు, నీళ్ళు నెమ్మదిగా నిండుతాయి, పడవ మనిషి ఎత్తు లేస్తుంది, రెండు వైపులా నీళ్ళు సమానమయ్యాక ముందు తలుపులు తెరుచుకుంటాయి. "అప్పటిదాకా పది మంది తోసినా తెరుచుకోవు. సమానమైతే ఒక్కడు చాలు" అన్నాడు. తాటాకులు, వడ్లు, ఉప్పు, ఇటుకలు, పెళ్ళి బృందాలు, అన్నీ ఆ లాకుల్లోంచే. కొమ్మమూరు కాలవ మీదుగా బకింగ్‌హామ్ కాలవలోకి దిగితే మద్రాసు దాకా నీళ్ళ మీదే పోవచ్చు. ఆ పడవల్లో వంట ఎలా వండేవాళ్ళో, ఎదురుగాలికి గట్టు మీంచి తాళ్ళతో ఎలా లాగేవాళ్ళో ఆయన చెబుతుంటే, నాకు మా ఊరి కాలవ మొదటిసారి ఒక దారిలాగా కనిపించింది. అంతకుముందు అది మాకు ఈత కొట్టే చోటు, అంతే.

మాస్టారు దానికి ముందూ వెనకా కలిపారు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువులో గుంటూరు జిల్లా ఐదు లక్షల జనాభాలో లక్షన్నర, రెండు లక్షల మంది పోయారు. డొక్కల కరువు అని మా నాయనమ్మ అనేది, ఆవిడకి వాళ్ళ నాయనమ్మ చెప్పింది. ఆ తరవాత ఇరవై ఏళ్ళకి, 1852లో, బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట మొదలై 1855కి పూర్తయింది. ఇప్పటి ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది. మా పొలాలకి నీళ్ళొచ్చింది ఆ పాత ఆనకట్టతో.

మర్నాడు మేం ఏడుగురం సైకిళ్ళ మీద వెల్లటూరు వెళ్ళాం. ఏ రాయి ఎక్కడిదో మాకు తెలియలేదు. సున్నం, సిమెంటు, నాచు. లస్కరు తాత మాత్రం నీళ్ళలోకి వంగి, ఒక్కో రాయినీ చేత్తో తడుముతూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

మిగతావి కొన్ని బాగా నడిచాయి, కొన్ని నడవలేదు. చీరాల పేరాల ఉద్యమం గురించి ఒక లెక్చరరు వచ్చి మాట్లాడారు. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టం అని ఊరు ఊరంతా ఇళ్ళు వదిలి బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్న కథ, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి రామదండు అనే వాలంటీర్ల దళం కథ. ఆయన కాగితం చూసి చదివారు, పిల్లలు నిద్రపోయారు. 1935లో కృష్ణా కాలవ మీద పాతూరి నాగభూషణం గారు పడవలో లైబ్రరీ నడిపిన సంగతి విన్న రోజు మాత్రం నేను ఇంటికెళ్ళి నిద్రపోలేదు. పుస్తకాలు పడవలో వస్తాయి, రేవులో ఆగుతాయి, చదివి మళ్ళీ పడవ వచ్చినప్పుడు ఇచ్చేయాలి. మా రేవులో ఎప్పుడైనా ఆగిందేమో అని లస్కరు తాతని అడిగాను. "నేను చిన్నోణ్ణి బాబూ, పుస్తకాలని తెలియదు. పడవ వస్తే బెల్లం వచ్చిందనుకునేవాణ్ణి" అన్నాడు.

కార్తీక పున్నమికి ఉప్పెన. 1977 నవంబరు 19కి అప్పటికి ఎనిమిదేళ్ళు. పెనుమూడి రేవు దాటి అవతల దివిసీమ నుంచి, నాగాయలంక వైపు నుంచి, మా ఊరి అల్లుడు ఒకాయన వచ్చాడు. పదివేల మందికి పైగా పోయారని మాస్టారు లెక్క చెప్పి కూర్చున్నారు. ఆయన లేచాడు. సాయంత్రం గాలి మొదలైన తీరు చెప్పాడు. గేదెల పలుపులు కోసేసిన సంగతి చెప్పాడు. తాటిచెట్టు ఎక్కి కండువాతో కట్టుకున్నానన్నాడు. "మా అమ్మ చెయ్యి" అన్నాడు. అక్కడితో ఆగిపోయాడు. మాస్టారు వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. ఆ రోజు సభ అక్కడే ముగిసింది. నా నోటుబుక్కులో ఆ పేజీలో రెండు లైన్లే ఉన్నాయి.

నోటుబుక్కు సంగతి చెప్పలేదు కదూ. బోర్డు రాయడంతోపాటు, ఎవరేం చెప్పారో రాసి పెట్టే పని కూడా నాకే వచ్చింది. మాస్టారు తరచూ మెకంజీ కైఫియత్తుల గురించి చెప్పేవారు. కాలిన్ మెకంజీ సర్వే పనుల మీద తిరుగుతూ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల లాంటి తెలుగువాళ్ళ సాయంతో ఊరూరా కరణాల దగ్గర ఆ ఊరి వివరం రాయించాడు. ఏ గుడి ఎవరు కట్టారు, ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ రాజు ఎవరికి మాన్యం ఇచ్చాడు. తరవాత సి.పి. బ్రౌన్ చాలావాటికి నకళ్ళు రాయించాడు. "వాళ్ళు అడిగారు కనక రాశాం. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు, మనమే అడిగి మనమే రాసుకోవాలి" అనేవారు మాస్టారు. దాంతో నేను రెండు వందల పేజీల నోటుబుక్కు కొని అట్ట మీద మా ఊరి కైఫియత్తు అని రాసుకున్నాను.

ఆ నోటుబుక్కులో సగానికి సగం ఒక్క ప్రసంగమే. 1986 మాఘ పున్నమి నాడు మా ఊరి కరణం గారిది.

1984 జనవరిలో కరణీకాలు రద్దయ్యాయి. తరతరాలుగా ఆ ఇంట్లో ఉన్న పని ఒక్క ఆర్డినెన్సుతో పోయింది. కరణాల మీద ఊళ్ళల్లో కోపం లేదని నేననను, మా ఊళ్ళోనూ ఉంది. ఆయన కూడా రెండేళ్ళు గుమ్మం దిగింది తక్కువ. మాస్టారు నాలుగుసార్లు వాళ్ళింటికి తిరిగి ఒప్పించారు. విషయం ఏమని రాయాలని అడిగితే, "పొలాల పేర్లు" అన్నారాయన.

ఉతికిన పంచె, భుజాన కండువా, చేతిలో చిన్న ఎర్ర అట్ట పుస్తకం. వచ్చి కూర్చుని, "అడంగళ్ళు, పటాలు, గొలుసు, అన్నీ అప్పజెప్పి రసీదు తీసుకున్నాను. ఈ పేర్లు మాత్రం నా దగ్గర ఉండిపోయాయి. వీటిని ఎవరూ అడగలేదు" అన్నారు. తరవాత ఊరికి తూర్పు హద్దు నుంచి మొదలుపెట్టి, గట్టు గట్టు మీద నడిపిస్తున్నట్టు ఒక్కో పొలం పేరూ చెప్పుకుంటూ పోయారు. సర్వే నంబరు, పేరు, ఆ పేరు ఎందుకు. జువ్విమాను చెక్క. పడవరేవు తుంపు. దొరువు చేను. సాయిబు దిన్నె. కుమ్మరి మాన్యం, మంగలి మాన్యం, వెట్టి మాన్యం. ఊరికి చాకిరీ చేసినందుకు జీతం బదులు ఇచ్చిన భూములు అవి. 1956 చట్టంతో ఇనాములు పోయినా పేరు పోలేదు. "పేరే సాక్ష్యం. ఈ ఊరు ఎవరి చేత ఏ పని చేయించుకుందో ఈ పేర్లు చెబుతాయి" అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని చాలామంది అనుకోలేదు.

జొన్నగడ్డ దగ్గరికి వచ్చేసరికి సభలో చిన్న కలకలం. అది మా పొలం పక్కదే. అక్కడ వరి తప్ప ఇంకోటి పండగా మా తాత కూడా చూడలేదు. కరణం గారు లస్కరు తాత వైపు తిరిగి, "మీ కాలవ రాకముందు అదంతా మెట్ట. జొన్నలు వేసేవాళ్ళు. నీళ్ళొచ్చి నూట ముప్పై ఏళ్ళయినా నేల పేరు మారలేదు" అన్నారు. మా నాన్న నా వైపు చూశాడు. మా పొలాన్ని మేం ఎప్పుడూ 'చేను' అనే అంటాం, మడి అనం. ఎందుకో ఆ రాత్రి తెలిసింది ఇద్దరికీ.

రాస్తూ రాస్తూ నా వేళ్ళు పట్టేశాయి. పడమటి హద్దులో ఒక పొలం దగ్గర ఆయన ఆగారు. నంబరు చెప్పారు, విస్తీర్ణం చెప్పారు, కొంతకాలం ఎవరి స్వాధీనంలో ఉందో చెప్పారు. "దీనికి మాత్రం పేరు లేదు. మా నాన్నగారి పుస్తకంలోనూ ఖాళీగానే ఉంది. పేరు లేని పొలం ఉండదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి" అన్నారు. లోపల కుర్చీల్లోనూ చాపల మీదా కూర్చున్న రైతులందరి వైపూ చూశారు. ఒకరు ఆ రైతు ఇంటిపేరు చెప్పారు. అది పేరు కాదన్నారాయన. ఇంకెవరూ మాట్లాడలేదు. నేను నంబరు రాసి పక్కన చోటు వదిలాను.

1987 తరవాత ప్రసంగాలు ఆగిపోయాయి. పెద్ద కారణమేమీ లేదు. మాస్టారికి చూపు తగ్గింది, ఆయన్ని కొడుకు తీసుకెళ్ళాడు. నేను హైదరాబాదు వచ్చేశాను. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, లస్కరు తాత ముందు, కరణం గారు తరవాత. ఆ ఎర్ర అట్ట పుస్తకం గురించి వాళ్ళింట్లో అడిగాను, ఇల్లు మారినప్పుడు పోయిందన్నారు. అంటే ఆ పేర్లు ఇప్పుడు రాతలో ఉన్నది నా నోటుబుక్కులోనే. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిజంగా భయమేసింది. వెంటనే ప్రతి పేజీ ఫోటో తీసి తమ్ముడికి పంపాను.

2020 చివర్లో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి, పాత సర్వే నంబర్లు పోయి కొత్త నంబర్లు వచ్చాయి. మా ఊరి వంతు వచ్చినప్పుడు హద్దులు చూసుకోవడానికి తమ్ముడు రమ్మన్నాడు. నోటుబుక్కు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. పొద్దున్నే గట్ల వెంట నడుస్తూ, నంబర్లు వెతికే వాళ్ళ పక్కన, నేను పేర్లు వెతుక్కున్నాను. జువ్విమాను లేదు. దొరువు పూడిపోయింది. పడవరేవు దగ్గర ఇప్పుడు రొయ్యల చెరువు.

పడమటి హద్దులో తుమ్మచెట్టు కింద పాలెం ముసలావిడ ఒకామె మేకలు కాస్తూ కూర్చుంది. ఎనభై దాటి ఉంటాయి. నన్ను గుర్తుపట్టింది. "నువ్వు బోర్డు రాసే అబ్బాయివి కదూ" అంది. పున్నమి సభలకి వచ్చేదట. లోపలికి కాదు, ప్రహరీ గోడ అవతల. పాలెం ఆడవాళ్ళందరూ అక్కడే చీర కొంగులు పరుచుకుని కూర్చునేవాళ్ళు, మైకు అక్కడిదాకా వినపడేది. నేను 'అందరూ' కింద గీత గీసిన బోర్డు ఆ గోడకి ఇవతలి వైపు ఉండేది.

పక్కనే ఉన్న ఆ పొలం చూపించి, దీన్ని ఏమంటారని అడిగాను.

"చల్లముంత చేను" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ఆమె చిన్నప్పుడు ఊడ్పులకి వెళ్తే, తక్కిన చేలల్లో దాహమంటే గట్టు మీద నిలబడి పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళట. ఈ చేను వాళ్ళ ముసలమ్మ మాత్రం చల్ల ముంత తెచ్చి ఈ తుమ్మకొమ్మకే తగిలించి వెళ్ళిపోయేదట. ఎవరికి కావాలంటే వాళ్ళు దించుకుని తాగడమే. "మాకు మేం తీసుకుని తాగిన చేను ఇదొకటే నాయనా. మా అమ్మా వాళ్ళు పెట్టుకున్నారు ఆ పేరు."

"కరణం గారు అడిగిన రోజు మీరు ఉన్నారా?"

"ఉన్నాను. వినపడింది."

"మరి చెప్పలేదే?"

ఆమె మేకని అదిలించి, నా వైపు చూసింది. "ఆయన లోపలి వాళ్ళని అడిగాడు కదా."

తమ్ముడి జేబులోంచి పెన్ను తీసుకున్నాను. గట్టు మీదే కూర్చుని, 1986లో వదిలిన చోటులో, నంబరు పక్కన, ఆమె మళ్ళీ ఒకసారి చెబుతుండగా ఆ పేరు రాశాను. సరిగ్గా రాశానా అని అడిగితే, ఆమె వంగి ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "ఇదేనా చల్లముంత?" అంది.